అమెరికా బండికి పనస పీట

మా ఇంట్లో నా సైకిలు కాక చక్రమనేది ఉన్న వస్తువు బావి గిలక ఒక్కటే. అది కూడా కీచుమనేది. అలాంటి ఇంటికి నేనో అమెరికా మోటారుసైకిలు కొని తెస్తానంటే మా అమ్మ పెద్దగా కంగారుపడలేదు. "ఏనుగుని కూడా తెచ్చుకోరా. కట్టెయ్యడానికి పెరట్లో కొబ్బరిచెట్లున్నాయిగా" అంది, చేటలో బియ్యం మీంచి చూపెత్తకుండా.

తొంభైల చివరి మాట ఇది. అమలాపురానికి సైకిలు మీద అరగంట దూరంలో ఉన్న అగ్రహారం మాది. నేను టౌన్లో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. నాన్నగారు వేదపండితులు. మా ఇంట్లో తరతరాలుగా కొడుకులు తండ్రుల ముందు కూర్చుని వేదం చెప్పుకున్నారు. ఆ వరస తెంపిన ఘనుణ్ణి నేను. పదేళ్ళ వయసులో ఆయన ముందు కూర్చున్నాను. రెండేళ్ళు పోరాడాను. ఒకరోజు స్వరం తప్పితే మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. మళ్ళీ అన్నారు. పదోసారి కూడా మళ్ళీ అనేసరికి తిక్కరేగి లేచిపోయాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఇప్పటికీ అంతే. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు పిలవలేదు. ఆ పిలవకపోవడం చాలా ఏళ్ళు గుచ్చుకుంది.

ఏటా మాఘమాసంలో ముమ్మిడివరం వైపు ఒక పల్లెలో వేదసభ జరిగేది. చుట్టుపక్కల పండితులంతా వచ్చి, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా వేదం చెప్పి, తాంబూలం, సంభావన పుచ్చుకుని వెళ్ళేవారు. చాలామంది కొడుకుల్ని వెంటపెట్టుకుని వచ్చేవారు. నాన్నగారు మాత్రం ఒక్కరే వెళ్ళేవారు. నాకు ఊహ తెలిశాక ఆయన ఆ సభ మానింది లేదు. దానికాయన పద్ధతొకటి ఉండేది. తెల్లవారుతూనే ఇంట్లో స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, దారిలో దేన్నీ ఎవరినీ తాకకుండా కాలవగట్టు వెంట ఆరు మైళ్ళూ నడవాలి. మడిలో ఉన్నప్పుడు ఆయనకి ఊరివాళ్ళూ నేనూ ఒకటే. నన్ను కూడా తాకేవారు కారు. ఈ పట్టింపులంటే నాకు చచ్చేంత చిరాకు. ఎన్నోసార్లు వాదించాను. ఆయన ఓపిగ్గా వినేవారు, "సరేలే" అనేవారు, మళ్ళీ మామూలే.

ఆ ఏడు ఆయన మోకాళ్ళు మొరాయించాయి. వీధిగుమ్మం దాటాలన్నా గోడ పట్టుకోవలసి వచ్చింది. ఒకరోజు నన్ను పిలిచి, "సభవారికి కబురు చెప్పించు, ఇంక రాలేనని" అన్నారు. ఉప్పు తెమ్మన్నట్టు, మామూలుగానే అన్నారు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒక్కరూ వేదం చెప్పుకుంటూ మధ్యలో ఆగిపోయారు. ఆయన మధ్యలో ఆగడం నేనంతవరకూ వినలేదు. లోపల పుస్తకాలు దిద్దుకుంటున్న నేను కలం పక్కన పెట్టేశాను. కబురు చెప్పించలేదు. ఎలాగైనా సరే ఆయన్ని ఆ సభకి నేనే తీసుకెళ్ళాలనుకున్నాను. అప్పటికి సభకి రెండు నెలలుంది.

మా స్కూలు మేష్టారొకాయన స్కూటరు తెచ్చి ముందు ప్రయత్నం చేశాను. ఆ సీటెక్కాలంటే కాలు నడుమెత్తున లేవాలి, ఎక్కాక మోకాలు ముడవాలి. రెండూ జరగలేదు. "ఇది కోతులెక్కేదిరా" అన్నారు నాన్నగారు. అప్పుడు నాకు రాజోలు దగ్గరున్న మిలట్రీ బండి గుర్తొచ్చింది.

గుర్తొచ్చిందనడం అబద్ధం. అది నేను మర్చిపోతే కదా. చిన్నప్పుడు అప్పనపల్లి వెళ్ళినప్పుడు చూశాను దాన్ని. గుడి దగ్గర జనం దారి ఇస్తుంటే నిదానంగా, దున్నపోతు నడిచినట్టు వచ్చి ఆగింది. వెడల్పాటి ట్యాంకు, వెనక్కి వంగిన పొడుగాటి హ్యాండిలు, నేలకి దగ్గరగా బానలాంటి సీటు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం వదిలేసి వెళ్ళిన బళ్ళని వేలం వేస్తే, రాజోలు దగ్గర కొబ్బరితోటల ఆసామీ ఒకాయన కొనుక్కున్నారని ఎవరో చెప్పారు. ఆ రోజు దేవుడికి దండం పెట్టుకుంటూ నేనేం కోరుకున్నానో చెప్పక్కర్లేదు. నాన్నగారి మోకాళ్ళు నాకు దొరికిన సాకు. నిజం నిజమే చెప్పుకోవాలి.

ఆ ఆసామీ పోయారు. ఇప్పుడు ఆసామీ వాళ్ళబ్బాయే. ఆయనకీ అప్పటికి అరవై ఏళ్ళు. ఆయన నన్ను పెరట్లో మట్టల పాకలోకి తీసుకెళ్ళారు. దింపిన కొబ్బరికాయల రాశి వెనకాల ఉంది బండి. సీటు మీద ఒక కోడిపెట్ట కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కూడా లేవలేదు.

"నాన్నగారి తరవాత ఎవరూ తొక్కలేదండీ. నెలకోసారి స్టార్టు చేసి వింటాను, అంతేనండీ. మా నాయనమ్మగారిని దీనిమీదే తీర్థాలకి తిప్పేరండీ ఆయన. ఈ వెనక సీటు ఆవిడదేనండీ. ఇదిగో, పాదాలు పెట్టుకోడానికి ఇవి వేయించేరు" అని వెనక చక్రానికి రెండు పక్కలా ఉన్న చెక్క పలకలు చూపించారు.

పల్లపు సీటు, పాదాలు పరిచి పెట్టుకునే పలకలు. నాన్నగారు మోకాలు ముడవకుండా కూర్చోవచ్చు. సాకు కాస్తా నిజమైపోయింది.

ఇక నడపడం. ఆ బండికి గేరు చేతికి, క్లచ్చు కాలికి. మనిషన్నవాడికున్న అలవాట్లన్నీ తిరగేస్తేగానీ అది కదలదు. ఆసామీగారి కళ్ళంలో నాలుగు ఆదివారాలు నేర్చుకున్నాను. మొదటి ఆదివారమే తిన్నగా వెళ్ళి కొబ్బరికాయల రాశిలో దూరాను. ఆసామీగారు పరుగున వచ్చి, "పర్లేదండీ, కాయలే కదండీ, ఒలుచుకునే పని తప్పింది" అన్నారు. గోదావరి జిల్లా మర్యాద అంటే అదీ.

ఆ మర్యాదే కొంప ముంచింది. బేరం దగ్గరికి వచ్చేసరికి ఆయన డబ్బు మాట ఎత్తనివ్వలేదు. "వేదం చదివే అయ్యగారు ఎక్కే బండికి నేను డబ్బు పుచ్చుకోవడమేంటండీ? ఊరికే పట్టుకెళ్ళండి. నాకూ పుణ్యమేనండీ" అన్నారు. నేను ఎగిరి గంతేసి, ఇంటికొచ్చి ఈ శుభవార్త చెప్పాను.

నాన్నగారి మొహం నల్లబడింది. "ఇనుము దానం పట్టమంటావుట్రా నన్ను?"

అప్పుడు తట్టింది. శనికి ఇచ్చే దానాల్లో ఇనుము ఒకటి. అది పుచ్చుకుంటే ఇచ్చినవాడి పీడ కూడా పుచ్చుకున్నట్టేనని మావాళ్ళ భయం. చిన్న మేకు కూడా ఊరికే తీసుకోని మనిషి ముందు నేను ఇరవై మణుగుల ఇనుము పెట్టాను, అదీ నల్లరంగు వేసింది.

ఆసామీగారికి విషయం తెలిసి లబోదిబోమని మర్నాడే మా ఇంటికి వచ్చారు, చేతిలో చక్కెరకేళీ గెలతో. అరుగు మీద బేరం మొదలైంది. లోకంలో అలాంటి బేరం జరిగి ఉండదు. కొనేవాడు పెంచుతున్నాడు, అమ్మేవాడు తగ్గిస్తున్నాడు.

"సగం ధర ఇప్పించండి చాలండీ" అన్నారు ఆసామీగారు.

"సగం ధరకి ఇస్తే సగం దానమవుతుందండీ" అన్నారు నాన్నగారు.

"పోనీ పావలా భాగం తగ్గించుకుంటానండీ."

"పావు దానం."

ఆసామీగారు తువ్వాలుతో చెమట తుడుచుకున్నారు. చివరికి నాన్నగారే అడిగారు. "ఇవాళ మీ గుమ్మంలోకి ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి అడిగేడనుకోండి. ఎంత చెప్తారు?"

ఆయన నిజాయితీపరుడు. చెప్పారు. నేను మనసులో దాన్ని నా జీతంతో భాగించుకున్నాను. "అంతా ఇస్తాడండీ మా వాడు" అన్నారు నాన్నగారు తృప్తిగా. ఊరికే రావలసిన బండికి నా పొదుపంతా పోసి కొన్నాను. మా అమ్మ గుమ్మం వెనకాల కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నాకు వినపడుతూనే ఉంది.

రేవులో పంటెక్కించి ఏరు దాటించి ఇంటికి తెచ్చాను. పంటు మీద బండి చుట్టూ గుంపు చేరి, ట్యాంకులో ఎంత పడుతుంది, గంటకెంత పోతుంది అని అడిగారు. ఒక పెద్దాయన మాత్రం, "దీనికి మేతెంతండీ?" అన్నాడు. సరిగ్గా అడిగింది ఆయనొక్కడే. పెట్రోలు నీళ్ళలా తాగేది.

నాన్నగారు దాని దగ్గరికి రాలేదు. నేను వీధిలో స్టార్టు చేస్తుంటే అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చునేవారు. చప్పుడు నచ్చక అలా కూర్చున్నారనుకుని నాకు ఉక్రోషం వచ్చేది. నాలుగో రోజున కళ్ళు తెరవకుండానే అన్నారు: "ఒకటి మింగేస్తోందిరా."

"ఏమిటండీ?"

"ఏడెనిమిది దెబ్బలకోసారి ఒక దెబ్బ మింగుతోంది. విను."

విన్నాను. నాకేం తెలియలేదు. అమలాపురం మెకానిక్కుని తీసుకొచ్చాను. ఆయన చెవి ఒగ్గి విని, "బానే ఉందండీ బండి. ఈ పాత ఇంజన్ల చప్పుడే అంతండీ, కుంటుతున్నట్టు ఉంటాది" అన్నాడు. నాన్నగారు వేలితో అరుగు మీద కొడుతూ, "ఇదిగో... ఇప్పుడు" అన్నారు. కాసేపాగి, "ఇదిగో, మళ్ళీ" అన్నారు. మెకానిక్కు నవ్వు మానేశాడు. వెనక సిలిండరు వైరు విప్పి చూస్తే లోపల చిట్లి ఉంది. వైరు మార్చాక నాన్నగారు తలూపారు. మెకానిక్కు సామాన్లు సంచిలో వేసుకుంటూ, "అయ్యగారు మా షెడ్డులో కూర్చుంటే రోజుకి పది బళ్ళు బాగైపోతాయండీ" అన్నాడు. యాభై ఏళ్ళు అక్షరం తప్పితే పట్టుకున్న చెవి అది. దానికి ఇంజనైతేనేం, శిష్యుడైతేనేం. నాకు ఆయన మీద గర్వమేసింది, ఆ మాట పైకి అనలేదు.

వైరు మార్చిన రోజునే ఆయన మొదటిసారి గోడ పట్టుకుని బండి దాకా వచ్చారు. చుట్టూ తిరిగి చూశారు. పలకలు మెచ్చుకున్నారు. వెనక సీటు దగ్గర ఆగి వాసన చూశారు.

"ఇది దేంతో చేశారు?"

సభకి పది రోజులుంది. నాకు అబద్ధం చెప్పాలనిపించింది. "తోలండీ" అన్నాను.

"అలాగా" అని వెనక్కి తిరిగారు. "మడిలో తోలు మీద ఎలా కూర్చుంటానురా?"

తోలు మడికి పనికిరాదని మా అగ్రహారంలో పాలుతాగే పిల్లవాడికి కూడా తెలుసు. నాలుగు ఆదివారాలు ఆ తోలు సీటు మీద కూర్చుని బండి నేర్చుకుని, దాన్ని కొబ్బరినూనెతో తుడిచి నిగనిగలాడించిన నాకు తట్టలేదు. యాభయ్యేళ్ళ కింద అమెరికాలో కుట్టిన సీటు, కుట్టు ఊడలేదని పదిమందికి చూపించి మురిశాను. ఇక నోరు చేసుకున్నాను. మీ మడి మీది, నా జీతం నాది, ఇంత చేస్తే ఇదా, అంటూ ఏవేవో అన్నాను. ఆయన పూర్తిగా విన్నారు. "నిన్ను తప్పు పట్టలేదురా. నాకు కుదరదన్నాను" అన్నారు. నేను రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.

మూడో రోజున అమ్మకి విసుగొచ్చింది. "ఆ తోలేదో ఊడదీసి పారెయ్యరా. కూర్చోడానికి తోలే కావాలా? ఇంట్లో పీటల్లేవూ?" అంది మజ్జిగ పోస్తూ.

చెయ్యి కడుక్కోకుండా లేచాను. భోజనాలకి వేసుకునే పనసచెక్క పీటలున్నాయి మా ఇంట్లో, నున్నగా, బరువుగా. వడ్రంగిని పిలిపించాను. తోలు విప్పి, కింద స్ప్రింగులు ఉంచేసి, వాటి మీద దట్టంగా కొబ్బరిపీచు పరిచి, పైన పీట బిగించి, దానిమీద కంబళి ముక్క. కంబళికి మడి పట్టింపు లేదు. ఆ తోలు ఊడదీస్తుంటే నాకు ప్రాణం పోయినంత పనయింది. కుట్టిన అమెరికావాడు చూస్తే కోర్టుకెక్కేవాడు.

తరవాత నాన్నగారు బండిని తనిఖీ చేశారు. టైర్లు రబ్బరు కదా అని నేనే భయపడుతూ అడిగాను. "చెట్టుపాలే కదా" అన్నారు. పెట్రోలు? "భూమిలోది. గంగ కూడా భూమి మీదదే." ఇనుము? "కొన్నాం కదా." అన్నిటికీ ఆయన దగ్గర జవాబుంది. నాకు నవ్వొచ్చింది. ఈ మనిషి రావాలనే అనుకుంటున్నాడని అప్పుడు గ్రహించాను. దారి వెతుకుతున్నది నేనొక్కణ్ణే కాదు.

ఆఖర్న ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "మరి నువ్వు?"

"నేనేంటండీ?"

"ముందు నువ్వు కూర్చుంటావు కదా. నిన్ను పట్టుకోకుండా ఎలా కూర్చోను? నువ్వూ మడి కట్టుకోవాలి."

అందుకని ముందు సీటు తోలు కూడా ఊడింది. దానికీ ఒక పీట వచ్చింది.

సభ రోజున తెల్లవారుతూనే బావి దగ్గర చన్నీళ్ళు పోసుకుని, దండెం మీంచి అమ్మ కర్రతో తీసి అందించిన పంచె కట్టుకున్నాను. కాలేజీ రోజుల నుంచి నేను మడి కట్టుకున్నది లేదు. గోచీ సరిగ్గా రాలేదు. నాన్నగారు దూరంగా నిలబడి "ఎడమ కొస లోపలికి" అని చెప్పారు. కట్టుకున్నాక దగ్గరికి వచ్చి తనే సర్దారు. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. నేను ఎటో చూస్తూ నిలబడ్డాను.

చెప్పులు తోలువి, వాటికీ సెలవు. ఉత్త పాదంతో ఆ కిక్కు కొట్టాలంటే ఏమిటో కొట్టినవాడికే తెలుస్తుంది. నాలుగో దెబ్బకి ఇంజను అందుకుంది. నాన్నగారు పలక మీద ఒక పాదం పెట్టి, పీట మీదికి జరిగి, రెండో కాలు చాపుకుని కూర్చున్నారు. మోకాలు ముడవలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇద్దర్నీ చూస్తే శ్రాద్ధానికి భోక్తలు విమానమెక్కినట్టుందిరా" అంది.

కాలవగట్టు మీద బండి సాగింది. ఒంటిమీద చొక్కా లేదు, మొహాన విభూతి, కింద అమెరికా ఇంజను. లాకుల దగ్గర గేదెల్ని కడుగుతున్నవాళ్ళు చేతిలో పీచు వదిలేసి చూశారు. ఒకాయన పడవ మీంచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, బండికో మాకో తెలీదు. గతుకు వచ్చినప్పుడల్లా నాన్నగారి చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకునేది. గతుకు దాటాక కూడా తియ్యలేదు. కాసేపటికి వెనక నుంచి వేదం మొదలైంది. సభలో చెప్పవలసింది ఒకసారి తిరగేసుకుంటున్నారు. అక్కణ్ణుంచి దారంతా నేను గేరు మార్చలేదు. మారిస్తే ఆయన ఆగుతారేమోనని.

సభ పందిట్లో ఆయన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, నేను చివర్న ఒక గుంజకి ఆనుకుని నిలబడ్డాను. ముందు వరసల్లో కొడుకులు తండ్రుల పక్కన కూర్చుని గొంతు కలుపుతున్నారు. వాళ్ళని చూస్తుంటే సిగ్గేసింది, కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. నాన్నగారి గొంతు మాత్రం వినపడుతూనే ఉంది, ఎక్కడా ఆగలేదు.

మధ్యాహ్నం సంభావనలు మొదలయ్యాయి. సభ నడిపే పెద్దాయన పళ్ళెంతో వరసలన్నీ తిరిగి, చివరికి నా దగ్గరికి వచ్చి ఆగారు. మడిపంచె, విభూతి చూసి నన్నూ పండితుణ్ణే అనుకున్నారు. తాంబూలం తీసి, "తమరెంతవరకూ చెప్పుకున్నారండీ?" అని అడిగారు ఆదరంగా.

పందిట్లో పక్కవాళ్ళంతా తలలు తిప్పారు. తప్పించుకునే దారి లేదు. "నేను చెప్పుకోలేదండీ. నాన్నగారిని బండి మీద తీసుకొచ్చేను, అంతేనండీ" అన్నాను. నా గొంతు అనుకున్నదానికన్నా కటువుగా వచ్చింది.

పెద్దాయన చెయ్యి పళ్ళెం మీద ఆగిపోయింది. ఇవ్వాలో మానాలో ఆయనకి తెలియలేదు. పాపం, ఆయనే నాకన్నా ఎక్కువ ఇబ్బంది పడ్డారు. నేను వెనక్కి జరగబోయాను.

"వాడి చేతిలో పెట్టండి" అన్నారు నాన్నగారు వరసలోంచి. మామూలు గొంతుతోనే అన్నారు, కానీ ఆ గొంతు పందిరంతా వినపడేది. "ఇవాళ నేనిక్కడ చెప్పిందంతా వాడు మోసుకొచ్చిందేనండీ."

చేతులు చాపాను. తాంబూలం, పంచె, అన్నీ చేతిలో పడ్డాయి. నాకేమీ సరిగ్గా కనపడలేదు, కళ్ళు నిండిపోయాయి. ఇన్నేళ్ళూ ఆయన నన్ను వదిలేశారనే అనుకున్నాను. వరస దాటుకుని వెళ్ళి, మనుషులందరి మధ్యా వంగి ఆయన పాదాలు పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో.

"లే లే" అన్నారు నాన్నగారు నా తల మీద చెయ్యి వేసి. "బండి ఎండలో ఉంది. పీటలు కాలిపోతాయి."